అద్దం పిన్ని నేల

ఆ కాలేజీ ఆటల హాలు తుడిచే మనిషిని అందరూ అద్దం పిన్ని అంటారు. పేరు పెట్టింది బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయిలే అయినా, పెట్టించుకుంది ఆమె నోరే. "నా నేలలో చూసుకుని జడేసుకోవచ్చు" అని పనిలో చేరిన ఏడాదే కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంది. అప్పటినుంచి జట్టులోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఆట మొదలెట్టేముందు నేలమీదికి వంగి, "పిన్నీ, నా పాపిడి వంకరగా ఉందా?" అని అడగడం, "పాపిడి కాదే, నీ చూపే వంకర, లే" అని ఈమె కసరడం అలవాటైపోయింది.

పద్దెనిమిదేళ్లుగా అదే హాలు, అదే చెక్క నేల. మూడో తరగతితో బడికి దణ్ణం పెట్టేసింది. పెళ్లయిన కొత్తలో అత్తగారు, "నువ్వు తుడిస్తే మట్టి పోదు, పక్కకి జరిగి కూర్చుంటుంది" అని నలుగురూ వినేలా అంది. అన్న మనిషి పోయి పదేళ్లు దాటింది గానీ, ఆ మాట మాత్రం ఈమె వీపుమీంచి దిగలేదు. ఆనాటినుంచి తను తుడిచిన చోట ఇంకొకరు వేలు పెట్టి చూపించే అవకాశం ఇవ్వకుండా బతుకుతూ వచ్చింది.

ఆమె పద్ధతి ఆమెది. పొద్దున్నే ముందు పొడి తుడుపు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే దిక్కుకి. తర్వాత తడిగుడ్డ, అదీ చుక్క రాలకుండా మెలిపెట్టి పిండింది. ఆఖర్న చెప్పులు విడిచి, మడమతో నేలంతా నొక్కి చూసుకుంటుంది. ఎక్కడ జారుతోందో, ఎక్కడ పట్టు ఉందో మడమ చెబుతుంది. కోచ్ సారు ఆమెకి పెట్టిన షరతు ఒక్కటే. "నీళ్లూ గుడ్డా తప్ప నా నేలమీద ఇంకేదీ పడకూడదు" అని. నా నేల అని ఆయనంటాడు, నా నేల అని ఈమె అంటుంది. ఆ ఒక్క మాట దగ్గర తప్ప ఇద్దరికీ పేచీ లేదు.

కిందటేడు జట్టుతో పాటు బస్సెక్కి అవతలి కాలేజీకి వెళ్లడం ఆమె చేసుకున్న ఖర్మ. అక్కడి నేల కొత్తది. పైనున్న దీపాలన్నీ కింద కూడా వెలుగుతున్నాయి. దాన్ని తుడిచే ఆవిడ ఈమె ఈడుదే. గుమ్మంలో నిలబడి, "మీ హాలు కూడా చూశాను అక్కా. మసకేసిపోయింది, పాపం" అంది. అక్కా అన్నందుకు ఒక దెబ్బ, పాపం అన్నందుకు ఇంకో దెబ్బ.

ఈ ఏడు సీజన్లో మొదటి మ్యాచ్ ఇక్కడే, ఆ జట్టుతోనే. వాళ్లతో పాటు ఆవిడా వస్తోందని తెలిసింది.

పిన్ని మొగుడు వడ్రంగి. తలుపులకీ కుర్చీలకీ రాయడానికి మైనం, అవిసె నూనె కలిపి కాచి డబ్బాలో పోసుకుంటాడు. మ్యాచ్ రోజు పొద్దున్న ఆ డబ్బా సంచిలో పెట్టుకుని హాలుకి వెళ్లింది. నేలంతటికీ అది చాలదు. అందుకని అతిథుల కుర్చీలకి ఎదురుగా, కుడివైపు రింగు కింద మాత్రం రాసి పొడిగుడ్డతో రుద్దింది. రుద్దేకొద్దీ చెక్క తేనెరంగుకి తిరిగింది. వంగి చూస్తే నిజంగానే మొహం కనబడింది. అప్పుడు మడమతో నొక్కి చూడాలి. చూడలేదు. మడమ ఏం చెబుతుందో తెలుసు కనకే చూడలేదు. మిగతాదంతా పొరపాటు అనుకుని సర్దుకోవచ్చు, ఇది మాత్రం పొరపాటు కాదు.

సాయంత్రం అవతలి ఆవిడ వచ్చింది, చూసింది, కనుబొమలెగరేసింది.

"కొత్త చెక్క వేయించారా అక్కా?"

"పాత చెక్కే. తుడిచే చేతిని బట్టి ఉంటుంది."

పద్దెనిమిదేళ్లలో ఆమెకి అంత తియ్యగా గడిచిన సాయంత్రం లేదు. ఆట మొదలైన పది నిమిషాల వరకూ.

జట్టు కెప్టెన్‌ని నిచ్చెన అంటారు. పంతొమ్మిదేళ్ల పిల్ల, చెయ్యెత్తితే రింగే కిందికి దిగొచ్చిందేమో అనిపించేంత పొడుగు. బంతి అందుకుని కుడివైపు రింగుకేసి ఉరికింది, ఎగిరింది, బంతి వేసింది. దిగేటప్పుడు ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పోయాయి. బంతి రింగులో పడింది, పిల్ల నేలమీద పడింది. మోకాలు తిరగకూడని వైపుకి తిరిగింది.

అందరూ ఆ పిల్ల చుట్టూ మూగారు. అద్దం పిన్ని బకెట్టు తెచ్చి నేల తుడిచింది. బట్టల సోడా కలిపిన వేణ్ణీళ్లతో, మోకాళ్లమీద కూర్చుని, తేనెరంగు చచ్చేదాకా తుడిచింది. పిల్ల మూలుగు వినబడుతూనే ఉంది, ఈమె చెయ్యి ఆడుతూనే ఉంది. అతిథుల్లో ఒకాయన, "చెమట పడిందేమోనని చూడండి, ఎలా పరిగెత్తుకొచ్చిందో. పనంటే అలా ఉండాలి" అని పక్కాయనతో అన్నాడు. కోచ్ సారు వచ్చి బూటుతో నేల రుద్ది చూసేసరికి అక్కడ ఏమీ మిగల్లేదు.

"ఎలా పడ్డావు?" అన్నాడాయన.

నిచ్చెన పళ్లు బిగపట్టి, "బూట్లు సార్. అడుగు అరిగిపోయింది" అంది.

"కెప్టెన్‌వి. అరిగిన బూట్లతో దిగుతావా?"

ఆ పిల్ల తలొంచుకుంది. పక్కనే గుడ్డ పిండుతున్న పిన్నీ తలొంచుకుంది. తల కొట్టేసినట్టయింది. రేపు చెబుదాం అనుకుంది.

మర్నాడు మొగుడు డబ్బా ఊపి చూశాడు. "సగానికి పైగా ఖాళీ. తాగావా ఏంటే?"

"తలుపుకి రాశాను."

"ఏ తలుపుకి?"

ఇంటికి ఉన్నవి మూడే తలుపులు. వాటినీ చూశాడు, పెళ్లాన్నీ చూశాడు. "నేలకి రాయలేదు కదా?" అన్నాడు. ఆమె గిన్నెలు గట్టిగా తోమడం మొదలెట్టింది. ఆయన మళ్లీ అడగలేదు. అడిగితే బాగుండునని ఆమెకి రోజూ అనిపించేది.

రెండో మ్యాచ్ పోయింది. మూడోదీ పోయింది. నిచ్చెన లేని జట్టు కాలు విరిగిన బల్లలా ఒకవైపుకి ఒరిగిపోయింది. కోచ్ సారు కొత్త పద్ధతి పెట్టాడు. రోజూ ఆటకి ముందు పిల్లలంతా వరసగా నిలబడి బూటు అడుగులు ఎత్తి చూపించాలి.

"సంతలో గుర్రాలమనుకున్నాడా మమ్మల్ని?" అని జట్టులో అందరికంటే చిన్నగా ఉండే పొట్టిది సణిగింది. "నీ బూట్ల పుణ్యమే ఇదంతా."

నిచ్చెన బెంచీమీద మోకాలికి పట్టీతో కూర్చుని నోటుబుక్కులో స్కోరు రాస్తోంది. "ఏం చెయ్యనే, దేవుడు నా కాళ్లకి పొడుగిచ్చాడు గానీ బుద్ధివ్వలేదు" అని తనూ నవ్వింది.

పిన్ని గోడవారన తుడుస్తూ ఇదంతా విన్నది. నేల చీలితే దూరిపోదామనిపించింది అంటారు జనం. ఆ నేల సంగతి ఆమెకి తెలుసు, అది చీలే రకం కాదు. కొత్త పిల్ల ఒకత్తి వంగి పాపిడి సంగతి అడగబోతే, "నేలలో ఏం కనబడుతుందే, పో అవతలికి" అని విసుక్కుంది. నిచ్చెనకి మాత్రం ఇంటినుంచి కాలు చాపుకునే పీట తెచ్చింది, వీపుకి దిండు తెచ్చింది, మంచినీళ్లు తెచ్చింది. ఒక్క నిజం తప్ప అన్నీ తెచ్చింది.

సీజన్లో ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయనగా, కోచ్ సారు గది తుడుస్తుంటే ఆయన ఫోన్లో ఎవరితోనో అంటున్న మాట చెవిన పడింది. "వేసవి శిక్షణకి మా కాలేజీ నుంచి ఒక్కరే వెళ్లాలి. ఆ పొడుగు పిల్లనే అనుకున్నాను, మోకాలు అప్పటికి నయమవుతుందన్నాడు డాక్టరు. కానీ సొంత బూట్లు చూసుకోలేని దాన్ని ఏ మొహంతో పంపను? పేరు కొట్టేశాను."

పిన్ని సరాసరి నిచ్చెన దగ్గరికి వెళ్లింది. చెప్పేద్దామనే వెళ్లింది. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు. "కాస్త ముందే కొత్త బూట్లు కొనుక్కుని ఉంటే సరిపోయేది కదే" అంది.

ఎందుకందో ఆమెకే తెలీదు. ఆ పిల్ల చేత ఆ అబద్ధం ఇంకోసారి అనిపిస్తే కాస్త ఊపిరాడుతుందనుకుందేమో. నిచ్చెన నోటుబుక్కు మూసి ఆమె మొహంలోకి చూసింది.

"బూట్లు అంత అరగలేదు పిన్నీ."

పిన్ని చేతిలో తుడుపుకర్ర ఆగిపోయింది.

"పడ్డప్పుడు రెండు అరచేతులూ నేలకి ఆనాయి. నూనె పట్టించిన మా తాత కుర్చీ వాసన వేసింది. మూడు రోజులు పోలేదు. ఆ రోజు నీ కొంగుదీ అదే వాసన."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నిన్ను తీసేస్తారు. నన్నయితే నాలుగు తిట్లు తిడతారు, అంతే కదా అనుకున్నాను." మోకాలి పట్టీ సర్దుకుంది. "శిక్షణ సంగతి అప్పుడు తెలీదు."

ఆ పిల్ల నిష్ఠూరంగా అన్నా పిన్ని తట్టుకునేదే. మామూలుగా అంది. పాపం అని నోటితో అన్న అవతలి ఆవిడే నయం, అని వదిలేసింది. ఈ పిల్ల అనకుండా రెండు నెలలు మోసింది. జన్మలో ఎవరి జాలీ చెయ్యి చాచి పుచ్చుకోని మనిషి, పంతొమ్మిదేళ్ల పిల్ల జాలిమీద రెండు నెలలు ఉద్యోగం చేసింది. ఆ పూట ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

మర్నాడు డబ్బా పట్టుకుని కోచ్ సారు గదిలోకి వెళ్లింది.

"సార్, ఆ రోజు రింగు కింద నూనె రాసింది నేను. ఆ పిల్ల బూట్లు కాదు."

ఆయన కాగితాల్లోంచి తలెత్తి నవ్వాడు. "నువ్వా? నీ నేలకి నువ్వా? పిల్లమీద జాలితో వచ్చావు, నాకు తెలీదా. నేనే బూటుతో రుద్ది చూశానమ్మా, గరుకుగానే ఉంది."

"నేను తుడిచేశాక చూశారు సార్."

"నీ మంచితనం నాకు కొత్తా పిన్నీ? వెళ్లి పని చూసుకో."

మంచితనం అన్న మాట చెంపమీద కొట్టినట్టు తగిలింది. తిడతాడనుకుని వచ్చింది, పొమ్మంటాడనుకుని వచ్చింది. నమ్మడని అనుకోలేదు. పద్దెనిమిదేళ్లు కూడబెట్టుకున్న మంచిపేరు ఇప్పుడు నిజానికి అడ్డంగా కూర్చుంది.

"ఒక్కసారి బయటికి రండి" అంది.

హాల్లో పిల్లలు ఆడుతున్నారు. పిన్ని కుడివైపు రింగు కింద మోకాళ్లమీద కూర్చుని డబ్బా మూత తీసింది. గుడ్డ ముంచి నేలకి రాసింది, రుద్దింది. బంతుల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. అవిసె నూనె వాసన హాలంతా పరుచుకుంది.

"ఏం చేస్తున్నావు? అది నా..." అంటూ కోచ్ సారు గబగబా వచ్చి, ఆపమన్నట్టు ఈల నోట్లో పెట్టుకున్నాడు.

"నడవండి సార్, దీనిమీద."

ఆయనవి అడుగు అరగని బూట్లు. అడుగు వేశాడో లేదో, కాళ్లు రెండూ చెరోవైపుకి పోయాయి. రింగు స్తంభం వాటేసుకుని నిలబడ్డాడు. నోట్లో ఉన్న ఈల దానంతటదే కీచుమంది. ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండునని పిన్నికి అనిపించింది.

దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. "బూట్లు కాదు. నేనే" అంది.

పొట్టిది బంతి చంకలో పెట్టుకుని, "మరి ఆ రోజు నువ్వు తుడిచింది చెమట కాదా పిన్నీ?" అంది.

"చెమట కాదే. ఇదే."

కోచ్ సారు స్తంభం వదిలి బెంచీకేసి చూశాడు. "నీకు తెలుసా?" అన్నాడు. నిచ్చెన నోటుబుక్కులో పేజీ తిప్పింది. ఆయన పిన్నివైపు తిరిగాడు. "తుడిచెయ్" అన్నాడు. అమ్మా అనలేదు, పిన్నీ అనలేదు.

సోడా నీళ్లతో మళ్లీ కూర్చుంది. నిచ్చెన కుంటుకుంటూ వచ్చి రెండో గుడ్డ అందుకోబోయింది.

"నువ్వు లే. నా నే..." అనబోయి మింగేసింది. "తడిగా ఉంది. వెళ్లి కూర్చో తల్లీ."

శిక్షణకి కొట్టేసిన నిచ్చెన పేరు మళ్లీ ఎక్కింది. ఆఖరి మ్యాచ్ రెండు పాయింట్ల తేడాతో పోయింది, జట్టు కింది విభాగానికి దిగిపోయింది. పిన్నిని ఉద్యోగంలోంచి తీయలేదు. తీసి ఉంటే ఇంట్లో కూర్చుని కోచ్ సారుని నోరారా తిట్టుకునేది. ఆ సుఖం కూడా దక్కలేదు. ఇంట్లో మొగుడితో, "నేలకి రాయలేదు కదా అని అడిగావు చూడు. రాశాను" అంది. "తెలుసు. తలుపులు మూడూ వెలిసే ఉన్నాయిగా" అన్నాడాయన, రంపం పళ్లకి పదును పెట్టుకుంటూ.

మరుసటేడు నిచ్చెన శిక్షణ ముగించుకుని వచ్చింది. మొదటి రోజు పరుగు మొదలెట్టేముందు కుడివైపు రింగు కిందికి వచ్చి, బూటు ముందుభాగంతో నేల రెండుసార్లు రుద్ది చూసుకుంది. ఏ కక్షతోనూ కాదు, ఒంటికి పట్టిన భయం అది. తర్వాత పొట్టిది రుద్దింది. తర్వాత తక్కినవాళ్లు. నెల తిరిగేసరికి అది ఆ జట్టు అలవాటైపోయింది. రింగు కిందికి రాగానే కాలితో రెండుసార్లు రుద్దడం, ఆ పైన ఆట. పాపిడి సంగతి ఇప్పుడెవరూ అడగరు. పిన్ని రోజూ గోడవారన నిలబడి పన్నెండు జతల కాళ్లు తన పని పరీక్ష చెయ్యడం చూస్తుంది.

ఒకరోజు, కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. "ఇలా ఎందుకు రుద్దుతారు? కలిసొస్తుందనా?"

పొట్టిది నోరు తెరిచి, పిన్నిని చూసి మూసుకుంది. నిచ్చెన బూటు తాడు కట్టుకోవడంలో మునిగిపోయింది.

"నామీద నమ్మకం లేక" అంది పిన్ని, తుడుపుకర్ర గోడకి ఆనిస్తూ. "నువ్వూ రుద్దు."