మల్లయ్య పేరున కుక్క నెత్తురు

బాగా తిరుగుతున్న మనిషిని మంచాన పడేసి, చుట్టాలందరి చేతా బత్తాయిలు తెప్పించిన ఘనత నాది. అదీ ఆయనకు ఒక్క సూది కూడా గుచ్చకుండా.

పల్లెలకు అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు వస్తున్న రోజులు. నేను వనపర్తిలో కొత్త పశువైద్యుణ్ణి. హైదరాబాద్‌లో మా ప్రొఫెసర్ కుక్కల థైరాయిడ్ క్యాన్సర్ మీద పరిశోధన చేస్తున్నారు. గడ్డ ఏ ప్రోటీన్ అండతో పెరుగుతుందో తెలిస్తే, సరిగ్గా దాన్నే దెబ్బకొట్టే మందు వెతకవచ్చు. ఆయనకు గడ్డలు కావాలి. నాకు ఆయన వ్యాసంలో నా పేరు కావాలి.

కోడేరు దగ్గర గొర్లకాపరి మల్లయ్య కుక్క కర్రోడి మెడలో నిమ్మకాయంత గడ్డ దొరికింది. పరీక్షిస్తే క్యాన్సరే. ఆపరేషన్ అంటే మల్లయ్య "జర సోంచాయించి చెప్త సారు" అన్నాడు. ఈలోపు ప్రొఫెసర్ కర్రోడి నెత్తురులో థైరాయిడ్ హార్మోన్ పరీక్ష అడిగారు. నాకు తెలిసిన ల్యాబ్ మనుషులది. దాని యజమాని శీను "కుక్క నెత్తురు నా మెషిన్ల పెట్ట" అని ముందే తేల్చేశాడు. నేనేమో మహా తెలివిగా చీటీ మీద మల్లయ్య పేరు రాశాను. పక్కన 'మెడలో క్యాన్సర్ గడ్డ, వయసు 8' అని నిజమే రాశాను. శీను నేనొక అంకె మరిచాననుకుని 58 చేశాడు.

నేను టీకాల పనిమీద గద్వాల పోయాను. కుక్కలకు ఆ హార్మోన్ మనిషికన్నా సహజంగానే తక్కువ. అది శీనుకేం తెలుసు? పల్లీలు అమ్మడానికొచ్చిన మల్లయ్య కొడుకును పిలిచి, "మీ నాయనకు మెడల క్యాన్సర్ గడ్డట. థైరాయిడ్ గిట అడుగంటింది" అని చెప్పేశాడు.

నాలుగు రోజులకు ఆపరేషన్ సంగతి అడగడానికి వెళ్తే, మల్లయ్య మంచం మీద, చుట్టాలు చుట్టూ. ఒక్కొక్కరే వచ్చి ఆయన మెడ తడిమి చూస్తున్నారు.

"గడ్డ తగుల్తలేదేందే?"

"లోపలికి పోయింది కావొచ్చు."

మంచం కింద కర్రోడు పరామర్శ బ్రెడ్డు తింటున్నాడు. నిజం చెబితే కోపంతో కుక్కను ఇవ్వడు, గడ్డ దక్కదు. చెప్పకపోతే మల్లయ్య భయంతోనే పోయేలా ఉన్నాడు. మీరు నవ్వండి గానీ, నాకు చచ్చేంత సిగ్గేసింది.

"కాకా, గా నెత్తురు నీది కాదు. కర్రోడిది. నీ పేరు నేనే రాసిన."

"అంటే నేను సస్తలేనా?"

"లేదు కాకా."

ఆయన భార్య ఎంకమ్మ ముందుకొచ్చి మొగుడి చేతిలోని ఉడకబెట్టిన గుడ్డు లాక్కుంది. "నాలుగు దినాల సంది మేపుతున్న. ఇగ లెవ్వు, గొర్లకాడికి పో."

మల్లయ్య లేచి కూర్చున్నాడు. మంచం కిందికి చూశాడు. "మరి కర్రోడు?"

"ఆపరేషన్ చేస్తె బతకొచ్చు. చెయ్యకుంటే కష్టం."

ఆయన కర్రోణ్ణి మంచం కిందినుంచి బయటికి లాగి మెడ తడిమి చూశాడు. తర్వాత అన్నాడు: "తీస్కపో. గని ఈపారి కాగితం మీద నా పేరు కాదు, నీ పేరు రాయాలె."

రాశాను. కుక్క పేరు రాసేచోట నా పేరే ఉందని కొడుకుతో రెండుసార్లు చదివించుకున్నాకే కుక్కను ఇచ్చాడు.

కర్రోడు బతికి ఇంకో మూడేళ్లు గొర్లు కాశాడు. ప్రొఫెసర్ వెతుకుతున్న ప్రోటీన్ వాడి గడ్డలోనే అన్నిటికన్నా మెండుగా దొరికింది. ఆయన వ్యాసంలో నా పేరు కూడా వచ్చింది. రాసినవాళ్లలో కాదు, గడ్డల పట్టికలో: మగ, ఎనిమిదేళ్లు, నల్లరంగు.

అందుకే నా మెడ మీద నేనే చెయ్యేసుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ కుక్క చీటీ మీదైనా ఆ కుక్క పేరే రాస్తాను.