కొంగుముడిలో ఉంగరం

శుక్రవారం ఉదయం ఐదుంపావుకి టొరంటోలోని ఎటోబికోలో మా బేస్‌మెంట్ తలుపుకి తాళం వేస్తూ మా ఆయన, "పెట్టె లేకపోతే ఎంత హాయిగా ఉందో, పద్మా" అన్నారు. పెట్టె అంటే నన్ను పడుకోబెట్టి మాయం చేసే పెట్టె. పన్నెండేళ్లుగా అందులో దూరుతున్నదాన్ని నేను. హాయి మాత్రం ఆయనకి.

మా ఆయన మురళి కాకినాడలో పెళ్లిళ్లకీ, కాలేజీ ఫంక్షన్లకీ మ్యాజిక్ చేసేవారు. ముప్పై ఆరో ఏట కెనడాలో డిప్లొమా సీటు తెచ్చుకుని స్టూడెంటయ్యారు. నేను స్పౌజ్ పర్మిట్ మీద వెంట వచ్చాను. విద్యార్థులు తండోపతండాలుగా దిగుతున్న కాలమది. మా వీధి చివర బస్సెక్కితే డ్రైవరు తప్ప అందరూ ఎవరో ఒకరి రూమ్మేట్లే. ఇంతమంది వచ్చాక పెళ్లిళ్లు, పుట్టినరోజులు రాకుండా ఉంటాయా? శని, ఆదివారాలు మాకు ఖాళీ ఉండేది కాదు. మా కార్డు మీద 'మాయల మురళి అండ్ పార్టీ' అని ఉంటుంది. ఆ పార్టీ నేనే.

ఈ వృత్తిలో ఒక రహస్యం చెప్తాను. పెట్టె మ్యాజిక్‌లో చెమటోడ్చేది లోపలున్న మనిషి. బయటున్నాయన చేతులు ఊపుతారు. చప్పట్లు ఆయనకి, నడుంనొప్పి నాకు.

రెండు వారాల కిందట టీవీ టాలెంట్ పోటీ వాళ్లు వీడియో కాల్ చేశారు. మేం పంపిన పెట్టె వీడియో చూశారట. ఆ మాట్లాడినావిడ, "ఇలాంటి పెట్టెలు చాలా చూశాం. మీరిద్దరూ కలిసి చేసే కొత్త ఐటెం రెండు నిమిషాలది తీసుకుని వాంకూవర్ ఆడిషన్‌కి రండి, ఆదివారం పదిన్నరకి. అన్నట్టు మీ భార్య ఏం చేస్తారు?" అని అడిగింది. మా ఆయన ఎంతో వినయంగా ఇంగ్లిషులో "నిలబడుతుంది" అన్నారు. ఆ పూట పప్పులో ఉప్పు వేయలేదు నేను. మర్చిపోయి కాదు.

అదే వారంలో వాంకూవర్ పక్కనే ఉన్న సర్రీలో ఒక తెలుగు పెళ్లికి మమ్మల్ని పిలిచారు, శనివారం. పెళ్లివారే టికెట్లు కొన్నారు కాబట్టి ఒక్క ప్రయాణంలో రెండు పనులు. ఒక్కటే చిక్కు. కొత్త ఐటెం మా దగ్గర లేదు. ఆదివారం పదిన్నరలోగా అది పుట్టకపోతే టీవీ ముచ్చట అక్కడితో సరి. నాకు ఇంకో పంతం కూడా ఉంది. పుట్టబోయేదాంట్లో నా చేతులు కనపడాలి.

ఆరున్నరకి ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ దగ్గర మా బ్యాగు ఆగింది. అందులో ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్న ఎనిమిది స్టీలు రింగులు, పన్నెండు పట్టు రుమాళ్లు, ఒక ప్లాస్టిక్ పావురం ఉన్నాయి. ఆఫీసరు రింగులు పైకెత్తి, "వీటిని విడదీయండి" అన్నాడు. మా ఆయన ఒక్కసారి క్యూ మొత్తాన్ని చూసుకున్నారు. ఇక ఆగుతారా? ఊది, తిప్పి, ఒక్కో రింగూ విడదీసి ఆఫీసరు చేతికిచ్చారు. వెనకాల బెల్టులు విప్పి నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆఫీసరు మళ్లీ కలపబోయి, కుదరక, "వెళ్లండి" అన్నాడు. మ్యాజిక్ సామాను పట్టుకెళ్లేవాళ్లు ఇంకో అరగంట ముందు బయలుదేరండి.

ఎనిమిదీ పదికి విమానం కదిలింది. ఐదు గంటల ప్రయాణంలో నీళ్లు, బిస్కెట్టు తప్ప ఊరికే ఏమీ ఇవ్వరు. మేం పులిహోర కట్టుకెళ్లాం. మూత తీయగానే పక్కసీటు అమ్మాయి నిద్ర లేచింది. పేరు శిరీష, ఒంగోలు. కాలేజీ మారుతోందట. పులిహోరలో సగం ఆమెకే పెట్టాను. మా ఆయన కార్డిచ్చారు. చదివి, "అంకుల్, పార్టీలో ఎంతమంది ఉంటారు?" అని అడిగింది.

"నేనొక్కదాన్నే" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వేసి, "అయితే పులిహోర కూడా పార్టీదేనా, ఆంటీ?" అంది. మా ఆయన కిటికీలోంచి మబ్బులు చూడ్డం మొదలుపెట్టారు.

అక్కడి టైం పదీ ఇరవైకి దిగాం. మూడు గంటలు కలిసొచ్చాయని మా ఆయన ఒకటే సంబరం. స్కైట్రైన్ స్టేషన్ ఎయిర్‌పోర్టుకి ఆనుకునే ఉంటుంది. అక్కడ టికెట్ కొంటే మామూలు ధర మీద ఐదు డాలర్లు ఎక్కువ పడుతుంది, కంగారుపడకండి. వాటర్‌ఫ్రంట్‌లో రైలు మారి, నదులు దాటి, పన్నెండున్నరకి సర్రీలో కింగ్ జార్జ్ స్టేషన్‌లో దిగాం. బస ఫిజీ దీవుల నుంచి వచ్చిన ఒక భారత సంతతి ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో. గది శుభ్రంగా ఉంది, వేణ్ణీళ్లు బాగా వచ్చాయి. మేం మెజీషియన్లమని తెలిసి ఆంటీ హిందీలో, "మా ఆయన్ని మాయం చేస్తావా? సోమవారం దాకా చాలు" అని అడిగింది. సాయంత్రం దాకా కొత్త ఐటెం కోసం బుర్రలు బద్దలుకొట్టుకున్నాం. మా ఆయనకి తట్టినవన్నీ పెట్టెలే. చిన్న పెట్టె, గాజు పెట్టె, మడతపెట్టే పెట్టె.

శనివారం ఎనిమిదింటికల్లా పెళ్లి హాలు చేరాం. ఇడ్లీ, ఉప్మా, అల్లం చట్నీ. ఉప్మా మళ్లీ పెట్టించుకున్నాను. పెళ్లికొడుకు హైదరాబాదు నుంచి వచ్చిన ఐటీ కుర్రాడు. పెళ్లికూతురు మొన్ననే చదువు పూర్తిచేసిన అమ్మాయి. పెద్దవాళ్లలో సగంమందికి వీసాలు రాలేదు. ఆ లోటు రూమ్మేట్లు తీర్చారు. మేనమామ వేషం ఒకడికి, పిన్ని వేషం ఒకత్తెకి పంచేసుకుని, నిజం చుట్టాలకంటే ఎక్కువ హడావుడి చేస్తున్నారు.

మా ఐటెం బిందెలో ఉంగరాలాట దగ్గర. పెళ్లికొడుకు తల్లి సరళ గారు తన అత్తగారి ఉంగరం ఇచ్చారు. మా ఆయన దాన్ని పసుపునీళ్ల బిందెలో వేసినట్టు చూపించి వేయరు. తువ్వాలుతో చేతులు తుడుచుకునే నెపంతో నాకు దాటేస్తారు. నేను లడ్డూల పళ్లెం సర్దుతున్నట్టు వెళ్లి, అంచున ఉన్న లడ్డూలోకి తోసేస్తాను. జంట వెతికి వెతికి అలిసిపోయాక లడ్డూ విరిస్తే ఉంగరం. కాకినాడలో వంద పెళ్లిళ్లలో చేశాం.

ముహూర్తం, తలంబ్రాలు అయ్యాయి. మా ఆయన బిందె ముందు చేతులు ఊపడం కూడా అయింది. ఉంగరం నా కుడి అరచేతిలోకి వచ్చింది. పళ్లెం వైపు రెండడుగులు వేశానో లేదో, పంతులుగారు, "ఆగండాగండి, కొంగుముడి వేయలేదు. ఆడపడుచు ఏదీ?" అన్నారు. ఆడపడుచుకి వీసా రాలేదు. హైదరాబాదు నుంచి ఫోనులో చూస్తూ ఏడుస్తోంది. సరళ గారు చుట్టూ చూసి, నా మణికట్టు పట్టుకున్నారు.

"నువ్వు రామ్మా. మా వాడికి అక్కలాంటిదానివి. ముడి నువ్వే వెయ్యి."

రెండు వందల మంది చూస్తున్నారు. రెండు కెమెరాలు, ఒక ఫోను. ముడి ఒంటిచేత్తో పడదు, గుప్పిట విప్పితే ఉంగరం కనపడుతుంది. నోట్లో వేసుకుందామంటే పంతులుగారు నా వైపే చూస్తున్నారు. వక్క, పసుపుకొమ్ము, అక్షింతలు, రూపాయి బిళ్ల పెళ్లికూతురి చీర చెంగులో పోశారు. వాటితోపాటు ఉంగరం కూడా పోసేసి, పెళ్లికొడుకు కండువా కలిపి బిగించేశాను. ఇంకేం చేయగలను?

మా ఆయనకి ఇదేమీ తెలీదు. జంట బిందెలో చేతులు పెట్టి వెతికారు. లేదు. మా ఆయన మహా ధీమాగా, "ఆ చివరి లడ్డూ విరవండి" అన్నారు. పెళ్లికొడుకు విరిచాడు. జీడిపప్పు వచ్చింది. "దాని పక్కది" అన్నారు. కిస్‌మిస్ వచ్చింది. ఏడు లడ్డూలు విరిగాయి. పళ్లెం బూందీ పళ్లెమైపోయింది. మా ఆయన నా వైపు చూశారు. నేను అలవాటు ప్రకారం నవ్వుతూ నిలబడ్డాను. సరళ గారి మొహం మాడిపోవడం మొదలైంది. "అది మా అత్తగారిదండీ" అన్నారు నెమ్మదిగా.

పన్నెండేళ్లలో స్టేజీ మీద నేను నోరు విప్పింది లేదు. అయినా ముందుకొచ్చి, "ఒక్క నిమిషం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"పెళ్లికొడుకు తన చేత్తో వెతికాడు. పెళ్లికూతురు తన చేత్తో వెతికింది. ఇద్దరికీ కలిపి ఉన్నచోట ఎవరూ చూడలేదు" అని ముడి మీద వేలు పెట్టాను.

పెళ్లికూతురు తడిమి చూసి కళ్లు పెద్దవి చేసింది. పంతులుగారు వెంటనే, "ముడి విప్పకూడదమ్మా" అన్నారు.

"విప్పనండీ" అన్నాను.

ఎలా తీశానో చెప్పను. పన్నెండేళ్లు పెట్టెలో చీకట్లో ముడులు వేసీ విప్పీ నేర్చుకున్న పని అది. కుడిచేత్తో ముడిని మూశాను, ఎడమచేత్తో ఒకసారి నిమిరాను. ఉంగరం నా చూపుడువేలికి ఉంది. ముడి వేసినట్టే ఉంది. పంతులుగారు దగ్గరికొచ్చి లాగి చూసి, "గట్టిగానే ఉంది" అని మైకులో చెప్పారు. అంతే, హాలు దద్దరిల్లిపోయింది. ఫోనులో ఆడపడుచు ఏడుపు మానేసి, "మళ్లీ చూపించండి" అని అరుస్తోంది. ఉత్తుత్తి మేనమామ నా కాళ్లకి దండం పెట్టాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే, సరళ గారికి ఉంగరం ఇవ్వడం మర్చిపోయి వేలికే ఉంచుకుని తిరిగాను. ఆవిడే వచ్చి తీసుకున్నారు.

భోజనాల దగ్గర గుత్తివంకాయ కలుపుకుంటూ మా ఆయన, "ఎలా తీశావు?" అన్నారు.

"నిలబడ్డాను" అన్నాను.

ఆయన ఇంకో వంకాయ వేయించుకున్నారు. తర్వాత, "పద్మా, రేపటికి ఐటెం దొరికింది. అయితే అది నాది కాదు" అన్నారు. ఆ మాటకి నా కళ్లు చెమర్చాయి. వంకాయలో కారం ఎక్కువైందని చెప్పాను.

ఆదివారం ఎనిమిదీ నలభైకి మళ్లీ స్కైట్రైన్. ప్రాక్టీసుకి ఇంకెక్కడ టైముంది? ఆయన కండువా, నా చీర చెంగు ముడేసుకుని రైల్లోనే కూర్చున్నాం. ఎదురుగా ఉన్న పంజాబీ మామ్మగారు ముడి చూసి హిందీలో, "నిన్ననే పెళ్లయిందా?" అని అడిగారు. "పన్నెండేళ్లయిందండీ, ఈవిడ ముడి మాత్రం ఇవాళే వేసింది" అన్నారు మా ఆయన. మామ్మగారు సంచిలోంచి రెండు పిన్నీలు తీసిచ్చారు. వేయించిన పిండీ నెయ్యీ కలిపి చేసే లడ్డూలవి. మా ఆయన వాటిని అనుమానంగా విరిచి చూశారు. దిగాల్సిన స్టేషన్ వచ్చేసరికి ముడి ఊడదీయడం కుదరక, తలుపులు మూసుకునేలోపు ఇద్దరం ఒక్కసారే దూకాం.

పదీ పదికి హోటల్ హాలు చేరాం. కారిడార్‌లో గారడీవాళ్లు, పాటగాళ్లు, కత్తులు మింగే ఒకాయన. మా వంతు పదకొండుకి వచ్చింది. వీడియో కాల్‌లో మాట్లాడిన ఆవిడే బల్ల వెనక కూర్చుంది. తన ఉంగరమే తీసి ఇచ్చింది. మొదలుపెట్టేముందు మా ఆయన నా చెవిలో, "నేనెక్కడ నిలబడాలి?" అన్నారు. చూపించాను. అక్కడే నిలబడ్డారు, నవ్వుతూ, కదలకుండా. నాకంటే బాగా నిలబడ్డారు, ఒప్పుకోవాలి.

ఉంగరం చెంబులో పడింది. ముడి పడింది. చెంబు బోర్లిస్తే నీళ్లే వచ్చాయి. ఆవిడ స్వయంగా లేచి వచ్చి ముడి గట్టిగా లాగి చూసింది. నేను మూశాను, నిమిరాను, ఉంగరం ఆవిడ వేలికి తొడిగాను. ఆవిడ ముడిని ఇంకోసారి లాగింది. ఈసారి మా ఆయన మెడ కూడా వచ్చింది. "సాయంత్రం మెయిల్ చేస్తాం" అంది.

తిరుగు విమానం ఐదింటికి. ఎయిర్‌పోర్టులో ఇడ్లీ మీద బెంగ పుట్టించే శాండ్విచ్ తిన్నాం. నాలుగూ ఐదుకి గేటు దగ్గర మెయిల్ వచ్చింది. తర్వాతి రౌండుకి ఎంపికయ్యాం, అదీ టొరంటోలోనే, మా ఇంటి నుంచి ఒక్క బస్సు. మా ఆయన కుర్చీలోంచి లేచి, చేతిలో ఉన్న ప్లాస్టిక్ పావురాన్ని పైకి ఎగరేశారు. అది పక్కావిడ కాఫీలో పడింది. ఆవిడ తిట్టలేదు. ఈ దేశంలో మనుషుల ఓపికకి దండం పెట్టాలి.

వెళ్లేటప్పుడు కలిసొచ్చిన మూడు గంటలూ వచ్చేటప్పుడు పోతాయి. పోతే పోయాయి. చిన్నచిన్న పొలాల గళ్లు కింద పరుచుకున్నాయి, నా వేళ్లకి ఇంకా పసుపు వాసన ఉంది. సర్రీ ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను కొండల గురించీ సముద్రం గురించీ చెప్పలేను, చూడనేలేదు. అక్కడ నా గొంతు నాకు వినపడిందని మాత్రం చెప్తాను.

మా ఆయన పెన్ను తీసి, జేబులో ఉన్న కార్డులన్నిటి మీదా ఏదో కొట్టేసి, ఏదో రాస్తున్నారు. మధ్యమధ్యలో "ఎలా తీశావో చెప్పవా?" అంటున్నారు. నేను చెప్పలేదు. పక్కసీటులో మన విజయనగరం అంకుల్ ఒకాయన ఉన్నారు. మా ఆయన ఆయనకి ఒక కార్డిచ్చారు. అంకుల్ కళ్లజోడు సర్దుకుని చదివారు.

"పద్మ అండ్ పార్టీ. బావుంది. పార్టీలో ఎంతమంది బాబూ?"

"నేనొక్కణ్ణే అండి" అన్నారు మా ఆయన.