మబ్బు పడితే మాడే సెట్టు

ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని కంట్రోల్ రూములో వైర్‌లెస్ సెట్టు మళ్ళీ పోయింది. ఈ వానాకాలంలో ఇది ఎన్నోసారో లెక్కపెట్టడం మానేశాను. మూత విప్పగానే కాలిన వాసన గుప్పుమంది. మన మాటను క్వారీలో బొగ్గు మోసే డంపర్ లారీల దాకా పంపే పవర్ ట్రాన్సిస్టర్ మాడిపోయింది. మొన్న నా చేత్తో సోల్డరింగ్ చేసి బిగించిందే.

"కాకా, మళ్ల యాంటెన్నా వైరు పీకినవా?" అన్నాను.

సెట్టు దగ్గర డ్యూటీ చేసే కాక తొణకలేదు. "మబ్బు పట్టింది బిడ్డా. పిడుగు పడితే సెట్టు కాలదా? ఇంట్ల టీవీకి గట్లనే పీకుతం."

"పీకితే పీకినవ్, ఊకె ఉండొద్దా! వైరు లేకుండ ఎందుకు మాట్లాడినవ్?"

"వానకు డంపర్లు జారుతున్నయి. ఆపుమని చెప్పొద్దా మరి?"

ఇక్కడ అందరిదీ ఇదే వరస. ఉరిమితే చాలు, ముందు వైరు పీకుతారు, ఆనక మైకు నొక్కుతారు. బయటికి పోయే దారిలేక ఆ పవరంతా వెనక్కి తిరిగి ట్రాన్సిస్టర్ని మాడ్చేస్తుందని చెప్పీ చెప్పీ నా నోరు ఎండిపోయింది. 'వైరు లేకుండా మైకు నొక్కొద్దు' అని సెట్టు మీద ఎర్ర రంగుతో రాశాను. దానిమీద టీ గ్లాసు పెడుతున్నారు.

కొత్త ట్రాన్సిస్టర్ వేసి, వైరు బిగించి, కాకకు మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. బుద్ధిగా తలూపాడు. నేను బండి తీస్తుంటే దూరంగా ఉరిమింది. వెనక్కి చూస్తే, కిటికీలోంచి కాక చెయ్యి వైరు మీదే కనిపించింది.

నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆ రూము పక్కనున్న యాంటెన్నా టవరు మీద ఒక్క పిడుగూ పడలేదు. కాక ఉండగా పిడుగుకు పనేముంది?