రేకు అరిచిన పది రోజులు

ఆ షెడ్డుకి బోర్డు ఉంది కానీ దాన్ని ఎవరూ చదవరు. "చెవి మేస్త్రి దగ్గరికి" అంటారు, అంతే. ముప్పై రెండేళ్లుగా ఆయన స్టూలు మీంచి లేవకుండానే, లోపలికొస్తున్న కారు చప్పుడు విని రోగం చెప్పేవాడు. బెల్టు వదులైందనీ, బేరింగు పోయిందనీ, సైలెన్సరుకి చిల్లు పడిందనీ. విప్పి చూస్తే అదే అయ్యేది. షెడ్డు ముందు భాగంలో స్పేరు పార్టుల కౌంటరు ఆయన భార్యది.

ఆ రోజు పదకొండింటికి, కొండ మీద ఇళ్లలో ఉండే టైలరమ్మ కారు వీధి మలుపు తిరగగానే ఆయన లేచి నిలబడ్డాడు. బ్రేకు తొక్కినప్పుడల్లా రంపంతో ఇనుము కోస్తున్నట్టు గరగరమంటోంది.

ఆమె దిగుతూనే అందుకుంది. "పది రోజుల కిందట వచ్చి చెప్పానా లేదా మేస్త్రి గారూ? కీచుమంటోందంటే పక్క సీట్లో కూర్చుని వీధంతా తిరిగి, ఏమీ లేదమ్మా, దుమ్ము పట్టిందన్నారు."

"అప్పుడు ఏమీ లేదమ్మా."

"మరి నా చెవుల్లో మోగిందా?"

ఆయన జాకీ తెచ్చి ముందు చక్రం పక్కన పెట్టాడు.

"రెండున్నరకల్లా మా నాన్నని డయాలసిస్‌కి కిందికి దించాలి. మొన్న మిషను పాడై సగంలో ఆపేశారు. ఇవాళ కూడా తప్పితే మనిషి దక్కడన్నారు. ఆ ఏటవాలు మలుపులకి టాక్సీ వాళ్లు రామంటున్నారు. అవుతుందా, కాదా? ఒక్క మాట చెప్పండి."

"చూసి చెప్తాను."

చూడకుండానే చెప్పే మనిషి అలా అనేసరికి కౌంటరు దగ్గర ఆయన భార్య తలెత్తింది.

చక్రం ఊడింది. బయటివైపు బ్రేకు ప్యాడు ఇంకా మందంగానే ఉంది. చక్రం సందుల్లోంచి తొంగి చూస్తే కనబడేది అదొక్కటే. ప్యాడుల్ని పట్టి ఉంచే కాలిపర్ విప్పి లోపలి ప్యాడు బయటికి తీశాడు. దాని మీద ఏమీ మిగల్లేదు. ఉత్త ఇనప పలక. అది చక్రంతో పాటు తిరిగే డిస్కుని రాసి రాసి గాడులు చేసింది. గోటితో గీస్తే గోరు తట్టుకుని ఆగుతోంది. కాలిపర్‌ని అటూ ఇటూ జరగనివ్వాల్సిన పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. భారమంతా లోపలి ప్యాడు మీదే పడింది.

తర్వాత ప్యాడు అంచున ఉన్న చిన్న రేకు కనబడింది. ప్యాడు అరిగిపోయే దశకొస్తే డిస్కుకి తగిలి కీచుమని అరవడానికే ఆ రేకు పెడతారు. అది సగానికి పైగా అరిగి అద్దంలా మెరుస్తోంది. ఒక్క రోజులో అరిగింది కాదు. తను పక్క సీట్లో కూర్చుని "ఏమీ లేదమ్మా" అంటున్నప్పుడు కూడా అది అరుస్తూనే ఉండాలి.

ఆ ప్యాడుని గుడ్డలో చుట్టి బల్ల కిందికి నెట్టేశాడు.

"రెండు వైపులా డిస్కులు, ప్యాడులు మార్చాలి. ఒంటిగంటన్నరకి అవుతుంది."

"అసలెందుకిలా అయింది?"

"పిన్ను పట్టేసింది."

అబద్ధం కాదు. అలాగని మొత్తం నిజమూ కాదు.

కొత్త డిస్కులు తెచ్చిన భార్య బల్ల కింద గుడ్డ చూసింది. విప్పింది. పాతికేళ్లుగా ప్యాడులు అమ్ముతున్న మనిషికి ఆ రేకు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఏమండీ, ఇది చూశారా?" అంది గొంతు తగ్గించి.

"చూశాను. పని చేసుకోనీ."

"నేను పిలిస్తే పలక్కపోవడం పెళ్లైన దగ్గర్నుంచీ ఉన్న రోగమేలే అనుకున్నాను. పొద్దున అలారం మోగుతున్నా కదలకపోతే బద్ధకమనుకున్నాను."

ఆయన అటు తిరిగి రెండో చక్రం దగ్గర కూర్చున్నాడు. పిన్నుల తుప్పు తీగ బ్రష్షుతో గీకాడు. గ్రీజు డబ్బా కోసం వెనక్కి తిరిగితే, టైలరమ్మ రెండు చెవులూ మూసుకుని, పళ్లు బిగించి నిలబడి ఉంది. భార్య పాత ప్యాడు రేకుని పాత డిస్కుకి అదిమి గీస్తోంది. ఫ్యాను తిరగడం వినిపిస్తోంది. వీధిలో బస్సు వినిపిస్తోంది. కదులుతున్న భార్య చేతి నుంచి మాత్రం ఏ చప్పుడూ రావడం లేదు.

ఆమె చెయ్యి ఆపింది. "వినబడిందా?"

"లేదు," అన్నాడు.

టైలరమ్మ చేతులు మెల్లగా దించింది. రేకు వంక, ఆయన వంక చూసింది.

"ఆ రోజు మీ బండి కీచుమన్న మాట నిజమేనమ్మా. ఈ రేకే అరిచింది. సన్నటి శబ్దాలు నాకు అందడం లేదు. తప్పు నాది."

"ఎన్నాళ్లనుంచి?"

"తెలీదు. అది కూడా చెవే చెప్పాలి కదమ్మా."

"మా నాన్నని కూర్చోబెట్టుకుని పది రోజులు ఆ మలుపులు దిగాను," అంది ఆమె. గోడ గడియారంలో ఒంటిగంటకి పావు తక్కువ.

తర్వాత ఆమె ఆయన చేతుల మీంచి చూపు తిప్పలేదు. కొత్త ప్యాడులు కూర్చున్నాయి. కాలిపర్ ఒక్క వేలితో నెడితే జరిగింది. చక్రాలు బిగించాక ఆయన లోపల కూర్చుని బ్రేకు తొక్కాడు. పెడలు నేలదాకా దిగిపోయింది.

"అయ్యో!"

"మొదట అంతేనమ్మా. ప్యాడులు దగ్గరికి రావాలి." నాలుగోసారికి పెడలు గట్టిపడి నిలిచింది. "ఇప్పుడు మీరు నడపండి. అద్దాలు దించండి. బ్రేకు పట్టు నేను చూస్తాను. శబ్దం మీరే చెప్పాలి."

ఖాళీ వీధిలో పదిసార్లు వేగం పెంచి తగ్గించారు. ప్రతిసారీ ఆయన అడిగాడు.

"ఇప్పుడు?"

"లేదు."

"సన్నగా కూడా?"

"లేదన్నానుగా."

షెడ్డు ముందు బండి ఆపి, ఇంజను ఆపకుండా ఆమె అంది: "నాకింకా ధైర్యం చాలడం లేదు మేస్త్రి గారూ."

సీటు బెల్టు విప్పబోయిన ఆయన చెయ్యి ఆగింది. "పదండి. మీ నాన్నగారితో పాటు నేనూ దిగుతాను."

కొండ మీద ముసలాయన్ని ఎక్కించుకుని దిగుతుంటే, మొదటి మలుపు దగ్గర ఆమె బ్రేకు తొక్కింది. ఆయన అరికాళ్లు నేలకి అదుముకున్నాయి. బండి మెత్తగా నెమ్మదించి మలుపు తిరిగింది.

"ఏమ్మా, ఇవాళ బండి ఏడవడం లేదేం?" అన్నాడు వెనక సీట్లోంచి ముసలాయన.

"బాగు చేయించాను నాన్నా."

"మరి ఈయనెవరు?"

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"ఇంకా ఐదు మలుపులున్నాయి నాన్నా. దిగాక చెప్తాను."