తుంగలో అడ్డకర్రలు

తమ ఊరి చెరువులో విహార పడవలు దింపడానికి తుంగంతా కోసేస్తున్నారని మా అక్క భర్త నర్సయ్య బావ ఫోన్ చేశాడు. చలికాలమంతా వలస బాతులు ఆ తుంగలోనే తలదాచుకుంటాయి, కోస్తే వెళ్లిపోతాయి. గనిలో కార్మికుల రక్షణ చూసే ఓవర్‌మాన్‌గా చేసి రిటైరైన నేను, కళ్లారా చూడనిదే ఫిర్యాదు రాయను. అందుకే ఈ ప్రయాణం.

మా సెంటినరీ కాలనీలో పొద్దున ఏడింటికి రావలసిన బస్సు ఆలస్యంగా వచ్చింది. ఆ సంగతి రాసుకుంటుంటే పక్క సీటావిడ నవ్వింది: "ఏంది కాకా, బస్సుకు గూడ హాజరు ఏస్తున్నవా?" గోదావరిఖనిలో ఇడ్లీ చల్లారిపోయింది; చాయ్ మాత్రం బాగుంది. అక్కడి నుంచి షేర్ ఆటోలో జ్యోతినగర్ దాటి చెరువు చేరాను.

గట్టు మీద బావ ఉన్నాడు. కూలీలు కొడవళ్లు పక్కన పెట్టి బీడీలు కాలుస్తున్నారు. తుంగ మొదట్లో రెండు కర్రలు అడ్డంగా కట్టి ఉన్నాయి. గనిలో పైకప్పు బాగాలేని చోట అలాగే కడతాం; ఓవర్‌మాన్ పరీక్షించి తీయించేదాకా ఎవరూ దాటరు. ఈ కూలీలందరూ పాత గని కార్మికులే.

"ఎవరు కట్టిండ్రు?"

"నాకేం ఎరుక బామ్మర్దీ," అన్నాడు బావ, బురద చేతులు వెనక్కి దాచుకుంటూ.

బాతులను దగ్గరగా చూద్దామని ఆత్రంగా నడిచిన నా కాళ్లు కూడా కర్రల దగ్గరే ఆగాయి.

"దాటు మరి! ఆకాశం కూలుతదా?" అన్నాడు బావ.

కూలీల మేస్త్రీ రాజం నన్ను గుర్తుపట్టాడు. "సార్, మీరు మా ఓవర్‌మాన్ గదా! జర చూసి క్లియర్ అనుండ్రి, జల్ది కోసేస్తం."

చెవి ఒగ్గి విన్నాను. తుంగ లోపల బాతుల గుసగుస.

"లోపల ప్రాణులున్నయ్. అన్నీ బయటికొచ్చేదాక క్లియర్ ఇయ్య."

"ఎప్పుడొస్తయ్ సార్?"

"ఎండకాలం."

రాజం నోరు తెరిచాడు. "గుత్తేదారుకు ఏం చెప్పాలె?"

"ఓవర్‌మాన్ ఒప్పుకోలేదని చెప్పు."

"మీరు రిటైరై ఏండ్లాయె గదా సార్!"

"కర్రలు రిటైర్ కాలే గదా!"

గట్టు పక్క, బాతులు రాని చోట, పడవలకు సరిపడా నీళ్లున్నాయని చూపించాను. అక్కడి పిచ్చిగడ్డి మాత్రం కోసి, కర్రలకు ఎడంగా నడిచి వాళ్లు వెళ్లిపోయారు.

సాయంత్రం బస్సెక్కించేటప్పుడు బావ మెల్లగా అడిగాడు: "మంచిగ కట్టిన్నా?"

"నాసిరకం ముడి," అన్నాను. ఫిర్యాదు రాయవలసిన అవసరం లేకపోయింది గానీ, ఇల్లు చేరేదాకా ఆ ముడి మీద కోపం తగ్గలేదు. అక్కడికి వెళ్లదలచినవారికి మనవి: పడవెక్కండి, బాతులను దూరం నుంచే చూడండి, కర్రలు దాటకండి. ముడి సంగతి నేను చూసుకుంటాను.