ఏమండీ, ఆ కిటికీ మోగుతోంది

ఫోమ్ టేపు అంటించడంలో అమెరికాలోని మా మోరిస్‌విల్ మొత్తంలో నాకు సాటి వచ్చేవాడు లేడు. సరే, మోరిస్‌విల్ పెద్ద ఊరు, మా వీధి అనుకుందాం. మా వీధిలో ఒకాయన తలుపులు బిగించే పనిలోనే ఉన్నాడు కాబట్టి, మా ఇల్లు అనుకుందాం. అప్పుడు మా ఇంట్లో ఉండేది నేనూ మా ఆవిడా. ఆవిడ టేపు ముట్టుకునేది కాదు.

ఒక వైపు జిగురు, రెండో వైపు మెత్తటి స్పాంజి. చుట్టలుగా అమ్ముతారు. తలుపు సందుల్లో అంటిస్తే చలిగాలి ఆగుతుంది, వదులైన చోట అంటిస్తే చప్పుడు ఆగుతుంది. మాకు ఎయిర్‌పోర్టు దగ్గర. విమానం నెత్తిమీదుగా దిగినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి గడగడమనేది. కిటికీ అద్దమో, వేడిగాలి వచ్చే జాలీయో, దేవుడి మందిరం తలుపో. ఏళ్ళ తరబడి అవేవీ మా ఆవిడ చెవికి ఎక్కలేదు. మతిమరుపు జబ్బు వచ్చాక ఎక్కాయి. తాళాలు ఎక్కడ పెట్టిందో మర్చిపోయింది, పొయ్యి ఆర్పడం మర్చిపోయింది, మా అమ్మాయి ఏ ఊళ్ళో ఉంటుందో మర్చిపోయింది. చప్పుళ్ళను మాత్రం ఒక్కదాన్నీ వదల్లేదు.

"ఏమండీ, ఆ కిటికీ మోగుతోంది" అనేది. నేను లేచేవాణ్ణి.

మొదట్లో తెలియక లావు టేపు తెచ్చాను. వీధి తలుపు చుట్టూ అంటించి, "ఓడలో కూడా ఇంత గట్టి తలుపు ఉండదు" అన్నాను. గట్టిదే. మూసుకోలేదంతే. నేను భుజంతో తోస్తూ ఉంటే ఆవిడ సోఫాలోంచి, "ఏమండీ, ఇది దొంగలు లోపలికి రాకుండానా, మనం బయటికి పోకుండానా?" అంది. అప్పటికింకా ఆవిడ ఆవిడగానే ఉంది. ఆ టేపంతా పీకి సన్నది తెచ్చాను. అంటించే ముందు స్పిరిట్‌తో తుడవాలనీ, లాగి అంటిస్తే మర్నాటికి ముడుచుకుపోతుందనీ అప్పుడే నేర్చుకున్నాను. ఆవిడ వేలు చూపించడం, నేను అంటించడం. అదే మా కాపురమైపోయింది.

చెకప్‌కి వెళ్ళినప్పుడల్లా డాక్టరు ఒకటి అడిగేవాడు: మిమ్మల్ని గుర్తుపడుతోందా, పేరు పెట్టి పిలుస్తోందా అని. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవలేదు. పిలిచి ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకొచ్చేవాణ్ణి. "ఏమండీ అంటుంది, మా ఇంట్లో నా పేరు అదే" అని ఇంగ్లీషులో విడమరిచి చెప్పాను. తెల్లాయన మెచ్చుకోలుగా తలూపాడు.

పక్కనే కూర్చున్న మా అమ్మాయి తలూపలేదు. ఇంటికి వచ్చాక నన్ను వంటింట్లోకి పిలిచింది. అది ఇక్కడే పుట్టి పెరిగింది. గంట దూరంలో ఉంటుంది.

"నాన్నా, నేను స్ట్రెయిట్‌గా చెప్తా. అమ్మ నిన్ను రికగ్నైజ్ చేసినంత వరకు ఇక్కడే ఉంచుదాం. తర్వాత మెమరీ కేర్‌కి వెళ్ళాలి, ఇలాంటి పేషెంట్లని చూసుకునే హోమ్‌కి. ఎవరో తెలియని మగాడు తనకి స్నానం చేయిస్తున్నాడు అనుకుంటే, ఎంత భయపడుతుంది?"

"తెలియకపోవడమేమిటే! రోజుకి వందసార్లు పిలుస్తుంది."

"వంద?"

"పదో పరకో."

"ఈ సౌండ్స్ సంగతి ఏంటి? నాకు ఏమీ వినిపించట్లేదు. అసలు రియల్‌గా ఉన్నాయా?"

"ఎందుకు లేవు? ఇప్పుడు కూడా మోగుతోంది. నాకు వినిపించడం లేదూ!"

"నాన్నా, నీ హియరింగ్ ఎయిడ్స్ అదిగో, చార్జర్‌లో ఉన్నాయి."

దాని నవ్వు సగంలోనే ఆగిపోయింది. నేనూ నవ్వాను. చప్పుడే లేని సందులకు కూడా టేపు అంటిస్తున్నానని ఇద్దరికీ తెలుసు. అయినా ఆవిడ పిలుస్తోంది, నేను పలుకుతున్నాను. ఆ మాట వినపడినంత కాలం ఆవిడ నా దగ్గరే ఉంటుంది. నేను లెక్క వేసుకున్నది అంతే.

కిందటి చలికాలంలో ఒక మధ్యాహ్నం, వంటింటి కిటికీ వైపు చూపించి, "ఏమండీ, ఆ కిటికీ మోగుతోంది" అంది. నేను స్టూలు వేసుకుని ఎక్కాను. పాత టేపు గీకి కొత్తది అంటిస్తున్నాను. వెనకనుంచి అడిగింది:

"మంచినీళ్ళు తాగుతారా అండీ?"

చెయ్యి ఆగిపోయింది. మా ఆవిడ నన్ను ఎన్నడూ ఆ మాట అడగలేదు. "నీళ్ళు అక్కడున్నాయి, గ్లాసు కడిగి పెట్టండి" అనే మనిషి.

"వద్దమ్మా" అన్నాను. ఆ అమ్మా ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"మావారికి చెబితే తనే చేసేస్తానంటారు. మాటలు కోటలు దాటుతాయి, టేపు మాత్రం సాయంత్రానికి ఊడి చేతికొస్తుంది. పాపం, మంచివారేలెండి." గొంతు తగ్గించింది. "ఆయన ఆఫీసు నుంచి వచ్చేలోగా అయిపోతుందా? పైవాళ్ళని పిలిచానని తెలిస్తే చిన్నబుచ్చుకుంటారు."

"అయిపోతుందండీ" అన్నాను.

మన భాషలో ఇదొక చిక్కు. మొగుణ్ణి పిలిచే మాటా, గుమ్మంలోకి వచ్చిన పరాయివాణ్ణి పిలిచే మాటా ఒకటే. మొగుడికీ మీరే, వాడికీ మీరే. నేను ఎప్పటినుంచి ఆ రెండోవాణ్ణయ్యానో నాకు తెలియదు. ఆ శీతాకాలం మొత్తమా? డాక్టరు దగ్గర గొప్పగా చెప్పుకున్న రోజు కూడానా?

సాయంత్రం స్నానానికి కుళాయి తిప్పి, రోజూలాగే తువ్వాలు పట్టుకుని పిలిచాను. ఆవిడ బాత్రూం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పైట రెండు చేతులతో గుండెల మీద పట్టుకుంది. అరవలేదు. మర్యాద తప్పలేదు.

"ఏమండీ, మీరు వెళ్ళిపోండి. మావారు వచ్చేస్తారు."

నీళ్ళు కట్టేశాను. హాల్లోకి వచ్చి మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"అమ్మ నన్ను ఏమండీ అంది" అన్నాను.

"ఓ, గుడ్! అంటే నువ్వు గుర్తున్నావు."

దానికి తెలిసింది అంతే. ఏమండీ అంటే నాన్న. చిన్నప్పుడు వాళ్ళమ్మను చూసి అదీ నన్ను ఏమండీ అని పిలిస్తే నవ్వలేక చచ్చేవాళ్ళం. నేను అక్కడితో ఊరుకుంటే ఎవరు పట్టుకోగలరు? డాక్టరుకి తెలుగు రాదు. పిల్లకి వచ్చిన తెలుగులో ఆ తేడా లేదు. ఆవిడ ఏ అర్థంలో పిలిచిందో తెలిసినవాణ్ణి ఈ దేశం మొత్తంలో నేనొక్కణ్ణే. ఇది మాత్రం గొప్ప కోసం చెప్పడం లేదు.

"కాదమ్మా" అన్నాను. ఆ మాటకి రెండో అర్థం కూడా చెప్పాను. కిటికీ సంగతి చెప్పాను, బాత్రూం సంగతి చెప్పాను.

"ఎప్పటినుంచి నాన్నా?" అంది.

"తెలియదే."

"నేను బయల్దేరుతున్నా. అమ్మని టచ్ చెయ్యకు, భయపడుతుంది. అక్కడే ఉండు."

అక్కడే ఉండడం కుదరలేదు. ఆవిడ హాల్లోకి వచ్చి, నన్ను చూసి, మళ్ళీ పైట సర్దుకుంది. "ఇంకా వెళ్ళలేదా అండీ?" అంది.

"వెళ్తున్నానమ్మా" అని కోటు వేసుకుని బయటికి వచ్చి తలుపు చేరవేశాను. మెట్ల పక్కన నిలబడితే కిటికీలోంచి ఆవిడ కనిపిస్తోంది. సోఫా అంచున కూర్చుంది. జుట్టు సరిచేసుకుంది. కారు వచ్చే దారి వైపే చూస్తోంది, ఆఫీసు నుంచి రావలసిన మనిషి కోసం.

ఆవిడ చూపుకి అడ్డం వస్తున్నానేమోనని కొంచెం పక్కకి జరిగాను.