మైనం మీద బొట్టు

మా అత్తగారికి వాళ్ళమ్మ ముఖం గుర్తు లేదు. ఊహ తెలియకముందే ఆవిడ పోయింది. ఫోటో తీయించుకున్న మనిషి కాదు. మిగిలిందల్లా జానెడు పొడవున్న మట్టిబొమ్మ ఒకటి.

ఆ సంగతి నాకు తిరువూరు కాపరానికి వచ్చిన మొదటి దసరాకి తెలిసింది. డెబ్బైల మొదట్లో మాట. బొమ్మల కొలువు పెట్టడానికి అటక మీది ట్రంకు పెట్టె దింపించి, అత్తగారు ఒక్కో బొమ్మకీ చుట్టిన పాత గుడ్డ విప్పి నా చేతికి అందిస్తోంది. ఒకదాన్ని మాత్రం అందించలేదు. ఒళ్ళో పెట్టుకుని, "దీన్ని నువ్వు ముట్టుకోకే. మా అమ్మ" అంది. నేను పకపకా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కొత్త కోడలికి అంతకంటే ఇరకాటం ఉంటుందా? నోరు మూసుకుని విన్నాను.

ఆవిడ పుట్టిల్లు పెనుగొలను. అక్కడ వాళ్ళ నాన్న కొలువు కోసం కుమ్మరిని ఇంటికి పిలిపించి చెట్టి, చెట్టెమ్మ బొమ్మలు చేయించాడట. కుమ్మరి వాళ్ళ అరుగు మీదే కూర్చుని, ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్న ఇల్లాలిని చూస్తూ చెట్టెమ్మ ముఖం దిద్దాడట. చెట్టి ఎప్పుడో పగిలిపోయాడు. చెట్టెమ్మని చూసిన చుట్టాలందరూ "అచ్చం మీ అమ్మేనే" అనేవాళ్ళట. ఆ మాట పట్టుకునే మా అత్తగారు పెరిగి పెద్దదైంది, పెళ్ళి చేసుకుంది, కోడల్ని తెచ్చుకుంది.

చిక్కేమిటంటే అది కాల్చిన బొమ్మ కాదు. ఎండబెట్టి రంగు పూసిన పచ్చిమట్టి. ఆ ఏడు విప్పిన గుడ్డ నిండా ఎర్రటి పొడి రాలింది. ముక్కు కొన అరిగింది, రంగు పోయింది. అత్తగారు గుడ్డలో పొడిని వేలితో దగ్గరికి తీస్తూ, "ఇంకో నాలుగేళ్ళు పోతే మా అమ్మకి ముఖమే ఉండదే" అంది. ఏడుస్తూ అనలేదు. బియ్యం నిండుకున్నాయని చెప్పినట్టు చెప్పింది.

నా నోరు ఊరుకోదు కదా! "అచ్చు తీద్దాం అత్తయ్యా, ఇలాంటివి ఎన్ని కావాలంటే అన్ని చేసుకోవచ్చు" అనేశాను. బెజవాడలో బళ్ళో కాగితం గుజ్జుతో మామిడికాయలూ వంకాయలూ చేయడం నేర్పారు నాకు. అంతకు మించి వచ్చింది సున్నా. అయినా ఆరిందాలా చెప్పాను.

మామగారిది బజార్లో కిరాణా కొట్టు. నాకు కావలసినవన్నీ ఆ కొట్లోనే ఉన్నాయి. అచ్చు తీయాలంటే మెత్తటిది ఏదో బొమ్మ మీద అదమాలి, అది గట్టిపడ్డాక ఊడదీయాలి, ఆ గుంటలో మట్టో గుజ్జో నొక్కితే అదే ముఖం వస్తుంది. తడిమట్టితో అదిమితే పచ్చి బొమ్మ నానిపోతుంది. నీళ్ళలో కలిపే పిండి ఏదైనా అంతే. మైదా ముద్ద ఎండితే వంకర్లు పోతుంది. చివరికి తేనె మైనం ఖాయం చేశాను. మా ఊరి ఎండకి దాన్ని పొయ్యి మీద పెట్టే పనే లేదు, డాబా మీద పళ్ళెంలో ఉంచితే చాలు, పూరీ పిండిలా అవుతుంది.

మరి మైనం బొమ్మకి అంటుకోకుండా ఏం పూయాలి? ఆ పరీక్షలకి కొలువులోని పోలీసు బొమ్మ బలైపోయాడు. అప్పటికే ఒక చెయ్యి విరిగినవాడు కనుక ఎవరికీ దిగుల్లేదు. వీపున ఆముదం పూస్తే మట్టి మొత్తం తాగేసి నల్లబడ్డాడు. పొట్టకి కచ్చిక బూడిద రాస్తే మైనంలో పలుకులు దిగాయి. ముఖానికి నా పౌడరు డబ్బాలోంచి పౌడరు అద్ది చూశాను. మైనం అరటితొక్కలా ఊడి వచ్చింది, మీసాలు వెంట్రుకతో సహా అచ్చులో పడ్డాయి. మామగారు చూసి, "పోలీసోడికి పౌడరా! రేపు పెళ్ళిచూపులేమో అడుగు" అన్నారు.

అత్తగారు మాత్రం ససేమిరా అంది.

"మా అమ్మ ఏనాడూ పౌడరు ముఖం ఎరగదు. ముత్తయిదువుగా పోయిన మనిషి. పసుపు రాయి."

"ఇది సింగారం కాదండీ, అంటుకోకుండా మందు."

"ఆ మందేదో పసుపుతో చెయ్యి. పసుపూ పొడేగా?"

కోపం ముంచుకొచ్చింది. చాదస్తానికి మందు లేదని లోపల గొణుక్కుంటూ, పసుపుని పల్చటి గుడ్డలో జల్లించి పోలీసు చెవి మీద చూశాను. పౌడరుకి ఏమాత్రం తీసిపోలేదు. ఆవిడ ముందు ఒప్పుకోవడానికి నామోషీ వేసి, "పర్లేదు, సరిపెట్టుకోవచ్చు" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం బొమ్మని పీట మీద ముతక గుడ్డలో పడుకోబెట్టి, ముఖం నిండా పసుపు చల్లి, మైనం తేవడానికి డాబా ఎక్కాను. దిగి వచ్చేసరికి నుదుట కుంకుమ బొట్టు ఉంది. చూశాను. కుంకుమా పొడే కదా, పోనీలే అనుకున్నాను. మైనం చల్లారిపోతుందన్న తొందర నాది. ముక్కు, గడ్డం, చెవుల పక్క, మెడ దాకా బొటనవేళ్ళతో అదిమి, పైన తడిగుడ్డ వేసి, సాయంత్రం ఎండ తగ్గాక ఊడదీయబోయాను. గడ్డం దగ్గర సులువుగా లేచింది. ముక్కు వదిలింది. నుదుటి దగ్గర పట్టేసింది. కొంచెం లాగాను. టక్కుమంది.

వాళ్ళమ్మ నుదుటి మీద చింతగింజంత పెంకు లేచిపోయి, అచ్చులో అతుక్కుని ఉంది.

"అత్తయ్యా! ఏం పెట్టారిక్కడ?"

"బొట్టే పెట్టాను. బోసి నుదురుతో ఎలా ఉంచమంటావు?"

"ఉత్త కుంకుమేనా?"

"ఉత్త కుంకం నిలుస్తుందా? కింద మైనం రాసి పెట్టాను, నేను రోజూ పెట్టుకున్నట్టే."

అంతే. మా అత్తగారి తరం ఆడవాళ్ళందరూ పొద్దున్నే నుదుట చిటికెడు మైనం గుండ్రంగా అద్ది, దాని మీద కుంకుమ దిద్దుకునేవాళ్ళు. చెమటకి కారకుండా సాయంత్రం దాకా నిలవాలని. మట్టికి మైనం అంటుకోకూడదని పసుపు చల్లినదాన్ని నేను. పసుపు తుడిచి మరీ మైనం రాసిన మహాతల్లి ఆవిడ. "మీకు దణ్ణం పెడతాను, ఒక్క గంట ఆవిడ బొట్టు లేకుండా ఉంటే కొంపలంటుకునేవా?" అని అరిచేశాను. అత్తగారి మీద గొంతు లేపడం అదే మొదలు.

ఆవిడ చీర చెంగు నోట్లో కుక్కుకుని బొమ్మ ముందు చతికిలబడింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఉన్న ముఖం నా చేతులతో నేనే పోగొట్టుకున్నానే" అంది. నా కోపం ఎటు పోయిందో పోయింది. ఓదార్చడానికి ఏం అనాలో తెలియక చేతిలో ఉన్న అచ్చు ఆవిడకి చూపించాను. గుంటగా ఉన్న ముఖం కదా, కిటికీ వెలుగు పడేసరికి ఉబ్బెత్తుగా కనపడుతుంది, మనం ఎటు జరిగితే అటే తిరిగి చూస్తుంది. ఆవిడ తల అటు వంచి చూసింది, ఇటు వంచి చూసింది.

"నన్నే చూస్తోందే అమ్మ" అంది.

తలపిన్ను దీపం సెగకి చూపించి, అచ్చులో పెంకు చుట్టూ మెల్లగా గీశాను. పెంకూ, దాని మీది బొట్టూ కలిసే ఊడి వచ్చాయి. అచ్చు నుదుట గుండ్రటి గుంట మిగిలింది. ఇక ఆ పెంకుని తిరిగి బొమ్మకి అతికించాలి. మామగారు కొట్లోంచి వజ్రం ఇస్తానన్నారు, వడ్రంగులు కుర్చీలు అతికించే జిగురు. అత్తగారు చెవులు మూసుకుంది. "తోళ్ళూ ఎముకలూ ఉడకబెట్టింది మా అమ్మ నుదుటికా! రామ రామ!" అంది. తుమ్మబంక పెట్టి పోలీసు చెయ్యి అతికించి చూశాం, ఎండాక పెటపెటా విడిపోయింది. మైదా జిగురుకి బొద్దింకలు వస్తాయి. చివరికి చింతగింజలు నానబెట్టి, తొక్క తీసి, మెత్తగా రుబ్బి, పురుగు పట్టకుండా కాస్త మెంతిపిండి కలిపి చిక్కగా ఉడికించింది ఆవిడే. చిటికెన వేలితో అద్ది, పెంకుని తనే అతికించింది. సన్నటి గీత తప్ప ఏమీ కనపడలేదు.

కాగితం గుజ్జుతో ఆ అచ్చులో ముఖం తీసి, ఒళ్ళు చేత్తో దిద్ది నేను చేసిన బొమ్మ బాగానే వచ్చింది. నుదుట ఉన్న గుంట వల్ల బొట్టు చోట చిన్న బుడిపె లేచింది. పులిపిరిలా ఉందని గరుకు కాగితంతో గీకి పారేసి, ఎర్రరంగు చుక్క పెట్టాను. అత్తగారు చేతిలోకి తీసుకుని, "ముఖం అమ్మదేనే. కానీ చేతిలో ఏమీ లేనట్టుంది" అంది. ఒళ్ళు మండింది కానీ నిజం చెప్పింది. కొలువులో పై మెట్టు మీద మట్టి అమ్మే కూర్చుంది. కాగితం అమ్మ పోలీసు పక్కన నిలబడింది. మైనం అచ్చు ఎండాకాలానికి కరిగిపోకుండా మంచినీళ్ళ కుండ కింద చల్లటి ఇసుకలో, తాటాకు బుట్టలో పెట్టి దాచాను.

రెండు దసరాలు గడిచాయి. మూడోదానికి ముందు మామగారు పోయారు. భోజనం చేసి కొట్టుకి వెళ్ళబోతూ గుమ్మంలోనే కూలబడ్డారు. అత్తగారి నుదురు బోసిపోయింది. అప్పట్లో మా ఇళ్ళలో అదే ఆచారం, ఎవరూ కాదనలేదు, నాకూ కాదనే ధైర్యం లేకపోయింది. పొద్దున్నే అద్దం ముందు కూర్చుని, చెయ్యి మైనం డబ్బీ దాకా వెళ్ళి వెనక్కి రావడం నేను చూశాను. చూసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మనిషి పోయిన ఏడు కొలువు పెట్టరు కనుక ట్రంకు పెట్టె దింపలేదు. ఆ మరుసటి ఏడు దింపితే పెట్టె బరువుగా ఉంది. డాబా లేని వైపు, అటక మీది కప్పు పెంకు ఒకటి జరిగి, రెండు వానాకాలాల నీళ్ళూ పెట్టెలోకే కారాయి. మూత తీసేసరికి కుళ్ళు వాసన. కాగితం అమ్మ బూజు ముద్ద. మట్టి అమ్మని చుట్టిన గుడ్డ విప్పితే అందులో ఎర్రటి బురద.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. ఈవిడ గుండె ఆగిపోతుందని భయపడ్డాను. ఆవిడ బురద జారకుండా గుడ్డ అంచులు దగ్గరికి పట్టుకుంది. తర్వాత, "అచ్చు ఉందా?" అంది.

కుండ కింద ఇసుక తవ్వాను. ఉంది. అంచు కొంచెం వంగింది, ముఖం చెక్కు చెదరలేదు.

ఆవిడ గుడ్డ దులిపి, మడతల్లో ఇరుక్కున్నది కూడా గోటితో తీసి, ఆ మట్టినే పళ్ళెంలో పిసకడం మొదలుపెట్టింది. రంగు పెళ్ళలు ఏరింది. కాస్త దూది కలిపింది. "పసుపు నువ్వు చల్లు" అంది, తను చల్లలేదు. నేను అచ్చులో పసుపు చల్లాను. ఆవిడ ముద్ద పెట్టి, బొటనవేళ్ళతో ముక్కులోకీ గడ్డంలోకీ అదుముతూ పోయింది. వీపూ, మెడ కింద ఒళ్ళూ తనే దిద్దింది. నీడన ఆరనిచ్చి, మర్నాడు అచ్చు బోర్లించి, వేళ్ళతో రెండు దెబ్బలు వేసింది. బొమ్మ చేతిలో పడింది. అరిగిపోయిన ఆ ముఖమే. ఆ మట్టే. ఆ బరువే.

ఆవిడ బొమ్మని నాకు అందించింది. "కుంకం భరిణె తెచ్చి నువ్వు బొట్టు పెట్టు. నేను పెట్టకూడదుగా" అంది.

భరిణె తెచ్చి మూత తీసి వంగాను. వేలు ఆగిపోయింది. నుదుట గుండ్రంగా, నిండుగా బుడిపె. పోయినసారి పులిపిరని నేను గీకేసిందే.

"ఉందండీ" అన్నాను. "బొట్టు ఉంది. చూడండి."

ఆవిడ నమ్మలేదు. వేలు చాపి తడిమింది. ఒకసారి తడిమి, మళ్ళీ తడిమి, అలాగే ఉంచేసింది.

"ఇది నేను పెట్టిందే కదే!" అంది. "ఆ రోజు నేను పెట్టిన బొట్టే!"

"మీరు పెట్టిందే అత్తయ్యా" అన్నాను. కుంకం భరిణెకి మూత పెట్టేశాను.